మా కుక్కకు రెండు సైజులు పెద్ద డబ్బ

మా ఇంట్ల కొనుడు పని నాది. ఈ పని నీకెవరిచ్చిండ్రని అడగకుండ్రి, నేనే తీసుకున్న. విత్తనాలు కొన్నా, కూలరు కొన్నా, దుకాణంల నిలబడి పది ప్రశ్నలు అడిగితె గని నాకు కొన్నట్టుండది. అట్ల అడిగి అడిగి కామారెడ్డిల కొన్న కూలరు మా కిటికీల పట్టలే. మూడు ఎండకాలాల సంది వరండాల నిలబడి వాకిలిని చల్లబరుస్తున్నది. అయినా నాకు బుద్ధి రాలే.

కుక్క మాత్రం మా ఇంటామెది. రాష్ట్రం సరిహద్దు అవతలికెళ్లి గొర్లను మేపుకుంట ఎల్లారెడ్డి దిక్కు వచ్చినోళ్ల దగ్గర పిల్లగ ఉన్నప్పుడు తెచ్చుకున్నది. వేటకుక్క జాతి. సన్నటి నడుము, పొడుగు కాళ్లు. దానికి పేరుంది గని రాయ. ఆ పేరు పెట్టి నేను పిలిస్తె అది ఏనాడూ రాలే, మరి నేనెందుకు రాయాలె? ఆమె పిలిస్తె మక్కచేను అవతలి గట్టు మీదికెళ్లి ఉరికొస్తది.

ఒకనాడు దానికి సూది వేసుకుంట పశువుల డాక్టరమ్మ, "హైదరాబాద్‌ల కుక్కల పోటీ పెడుతున్నరు అక్కా. మన దేశం జాతులకు వేరేగ ఉంటది. దీన్ని తీస్కపోరాదా?" అన్నది. మూడోనాడు మా ఇంటామె నాకు చాయ్ ఇచ్చుకుంట, "నేను పోత" అన్నది. ముప్పై ఏండ్ల కాపురంల ఆమె తన కోసమని నోరు తెరిచి అడిగింది, నాకు యాదికున్నంతల, అదే మొదటిసారి.

చిక్కు ఏందంటె ఆ కుక్కకు కారంటె పానం మీదికొస్తది. ఒకసారి నేను కార్ల దవాఖానకు తీస్కపోతె తొవ్వ పొడుగున వణికింది, కక్కింది, దిగినంక గంటసేపు సక్కగ నిలబడలే. అట్ల దిగిన కుక్కను పోటీల ఎవరు చూస్తరు? దానికి డాక్టరమ్మనే ఉపాయం చెప్పింది. మడతపెట్టే బట్ట డబ్బలుంటయట, సాఫ్ట్ క్రేట్ అంటరట. లోపట సన్న పైపులు, మీద గట్టి బట్ట, మూడు దిక్కుల జాలీ, ముందట జిప్పు. రెండు నెలలు ఇంట్లనే పెట్టి అలవాటు చేస్తె కుక్క దాన్ని తన ఇల్లే అనుకుంటది. ఆ ఇంటిని కార్ల పెట్టినా, పోటీ కాడ పెట్టినా లోపట నిమ్మలంగ పంటది.

"నా కుక్క భయపడకుండ పోయి రావాలె. బహుమతి రాకున్నా సరే" అన్నది మా ఇంటామె. ఆమెకు కావల్సింది అదొక్కటే.

డాక్టరమ్మ చెప్పినట్టే టేపు పెట్టి కొలిచింది. ముక్కు కాడికెళ్లి తోక మొదలు దాక పొడుగు, నేల మీదికెళ్లి చెవుల దాక ఎత్తు, రెండిటికీ నాలుగేసి వేళ్లు ఎక్కువ. లోపట నిలబడాలె, తిరగాలె, పండాలె, గంతే. క్యాలెండర్ కాగితం వెనక రాసి నా జేబుల పెట్టి, "ఇదే తే" అన్నది.

కామారెడ్డిల దుకాణాయన కాగితం చూసి, సరిగ్గ ఆ కొలతదే తీసి ముందట పెట్టిండు. నాకు నచ్చలే. అంత తొందరగ దొరికినదాన్ని తీస్కపోతె నేను వచ్చిన ఫాయిద ఏముంది?

"దీనికంటె పెద్దది చూపెట్టన్నా."

"కుక్క వయసెంత సార్?"

"మూడేండ్లు."

"ఇగ పెరగది సార్."

"నువ్వైతె చూపెట్టు" అన్న.

తప్పు నాదే, గని నా ఒక్కనిదే కాదు. చిన్నప్పుడు మా బాపు నాకు అంగీ కుట్టిస్తె రెండేండ్ల తర్వాతి పానాన్ని చూసి కుట్టిస్తుండె. పెరిగే పిల్లగాడు, జర పెద్దగ కుట్టుండ్రి అంటుండె. చేతులు మడిచి మడిచి తొడుక్కున్న. అది నాకు సరిపోయేయాల్లకు మోచేతుల కాడ చిరుగుతుండె. సరిపోయే బట్టల కొత్తదనం ఎట్లుంటదో నాకు పెండ్లి దాక తెల్వది. నా పిల్లలకూ అట్లనే కొన్న. మా దిక్కు అందరం గంతే, చిన్నది కొంటె పైసలు పారేసినట్టు, పెద్దది కొంటె గెలిచినట్టు. అట్ల మూడేండ్ల కుక్కకు సుత పెరిగే పిల్లలెక్క రెండు సైజులు పెద్ద డబ్బ కొన్న. మోటరుసైకిల్ వెనక కట్టుకొని వస్తుంటె లింగంపేట కాడ ఒకాయన, కోళ్లకా అని అడిగిండు. కుక్కకు అని గర్వంగ చెప్పిన.

ఇంటికాడ విప్పంగనే మా ఇంటామె టేపు తెచ్చింది. కొలిచి, "వాపస్ ఇచ్చి రా" అన్నది.

"పెద్దగుంటె దానికే సుఖం. మనం మాత్రం ఇరుకింట్ల ఉంటమంటమా?" అన్న. ఇంత తెలివైన మాట నాకెట్ల తట్టిందో అని ఆ రోజంతా మురిసిన.

ఆమె డబ్బల పాత గోనె పరిచి, అండ్లనే బువ్వ పెట్టింది. నెల తిరిగేయాల్లకు కుక్క దానంతట అదే పోయి పగటిపూట అండ్ల పండుడు సురువు చేసింది. నేను హోటల్ల చాయ్ తాగుకుంట, సామాను చూసి కొనాలె అని నలుగురికి చెప్పిన.

పోటీకి పన్నెండు రోజులుందనంగ మా బామ్మర్ది కారు తెచ్చి ఒకసారి తిప్పి చూద్దామనుకున్నం. వెనక సీట్లు మడిచినా డబ్బ నిలువుగ పట్టలే, ఏటవాలుగ దూర్చిన. కుక్కను నేనే ఎక్కిచ్చిన, జిప్పు నేనే గుంజిన, మా ఇంటామెను పక్కన కూసోబెట్టుకొని నడిపింది సుత నేనే. లింగంపేట తొవ్వల ప్రతి స్పీడ్ బ్రేకర్ కాడ అది ఈ కొసకెళ్లి ఆ కొసకు జారుతున్నది. ఒక బర్రె అడ్డమొస్తె బ్రేకు తొక్కిన. కుక్క పోయి గుద్దుకొని అరిచింది. నేను వెనకకు చూడకుండ "పండుకో" అని గట్టిగ ఒర్లిన. ఒకసారి కాదు, ఐదారు సార్లు.

"ఆపు" అన్నది మా ఇంటామె.

ఆపి చూస్తె గోరు పడి జాలీ చినిగింది, కాలు బయటికొచ్చి ఇరికింది. ఆమె దాన్ని విడిపిచ్చి రోడ్డు పక్కన కూసొని ఒడిల పెట్టుకున్నది. అది గజగజ వణుకుతున్నది. నేను ఏమనాలె అప్పుడు? "జాలీ మంచిది కాదు, బిల్లు దాచినవా?" అన్న.

"నీకది కుక్కలెక్క కానొస్తలేదు, బస్తాలెక్క కానొస్తున్నది" అన్నది ఆమె. అని ఏడ్చింది. నాకు సిగ్గయింది. నిజం చెప్పాలంటె సిగ్గయినంక సుత కొద్దిసేపు బిల్లు గురించే ఆలోచించిన.

తెల్లారి ఆ డబ్బను, ఆమె రాసిన కొలతల కాగితాన్ని కామారెడ్డిల సీటు కవర్లు కుట్టే చాచా దగ్గరికి తీస్కపోయిన. ముసలాయన. కాగితం చూసి, "కొలతలు ఎవరు తీసిండ్రు?" అని అడిగిండు.

"మా ఇంటామె."

"సక్కగ తీసింది. మరి ఇంత పెద్దది ఎవరు కొన్నరు?"

"దుకాణపాయన అంటగట్టిండు చాచా" అన్న. అబద్ధం. చాచా కండ్లద్దాల మీదికెళ్లి నన్నొకసారి చూసి, పైపులు కోసి, బట్ట కత్తిరించి, కొత్త జాలీ వేసి, అడుగుకు జారని రెగ్జిన్ కుట్టిచ్చిండు. డబ్బ కాగితం మీద ఎట్లుందో అట్లనే అయింది.

గని కుక్క దాని దిక్కే పోలే. నేను రోజూ ఉడకబెట్టిన కార్జం ముక్కలు పట్టుకొని డబ్బ పక్కన చాప వేసుకొని కూసున్న. ముద్దుగ పిలిచిన. అది దూరంగ జామచెట్టు కింద నిలబడి చూస్తుండె. మా ఇంటామె పిలిచినప్పుడు సుత పక్కన నేను, ఇట్ల పిలువు, అట్ల పట్టు అని చెప్పుకుంట నిలబడ్డ.

పోటీ రోజు పొద్దుగాల బామ్మర్ది కారు వాకిట్లకు తెచ్చిండు. నేను తెల్లంగీ ఇస్త్రీ చేసుకొని తొడుక్కున్న. మా ఇంటామె కొత్త చీర కట్టి, పోటీ కాగితాలు సంచిల పెట్టుకున్నది. కుక్క డబ్బ ముందట నాలుగు కాళ్లు పాతిపెట్టింది. ఎత్తి లోపట పెడత అని నేను వంగిన.

"ముట్టకు" అన్నది. సంచి కింద పెట్టింది. "వద్దుతీ, పోవద్దు" అన్నది. రెండు నెలల ఆశ ఆమె మొకంల ఆరిపోవుడు నేను కండ్లార చూసిన.

ఆమె కుక్కను చూసింది, నన్ను చూసింది. "నువ్వు జర గేటు బయటికి పో" అన్నది.

"ఎందుకు?"

"పో."

పోయిన. మూల మీది కిరాణం దుకాణం దాక నడిచి, ఏం కొనకుండ తిరిగొచ్చిన. కుక్క డబ్బల పండుకొని ఉన్నది, ముందుకాళ్ల మీద తల పెట్టుకొని. నేను గేట్ల కాలు పెట్టంగనే తల లేపింది, చెవులు వెనకకు వాల్చింది, వణికింది. మా ఇంటామె నన్ను అక్కడనే ఆగుమని చెయ్యి అడ్డం పెట్టింది. అది భయపడుతున్నది డబ్బకు కాదు, కారుకు సుత కాదు.

డబ్బను కార్ల పెట్టి ఆమె ఎక్కింది, బామ్మర్ది నడిపిండు. నేను తెల్లంగీతోని గేటు బయట నిలబడి పంపిచ్చిన.

మాపటికి ఫోన్ చేసింది. "బహుమతి రాలే" అన్నది నవ్వుకుంట. "పోయేటప్పుడు తొవ్వ పొడుగున పన్నది. అక్కడ అన్ని కుక్కలు మొరిగినా డబ్బలకెళ్లి లేవలే. నేను పట్టుకొని నడిస్తె తల పైకెత్తి నా పక్కనే నడిచింది. అందరూ చూసిండ్రు."

ముప్పై ఏండ్లల ఆమె అంత సంబురంగ మాట్లాడుడు నేను వినలే. దానికి నేను చేసిన సాయమేందని ఫోన్ పెట్టినంక శానసేపు ఆలోచించిన. నేను పోలే, గదే.