ఆయన చెప్పాలనుకున్న వాక్యం

పోయిన ఆదివారం మా చర్చి సంఘానికి కొత్త పాస్టరు అయ్యగారు వచ్చారు. పాతికేళ్ళు కూడా నిండినట్టు లేవు. పెద్దలంతా ఆ నల్లటి తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తుంటే, ఆడవాళ్ళ వరసలో కూర్చున్న నాకు కళ్ళు మసకలు కమ్మాయి. పక్కనున్నావిడ నేనేదో భక్తితో ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. నాకు గుర్తొచ్చింది మాత్రం మరో తల. నెరిసి, నుదుటి పైన పలచబడి, ఎంత రుద్ది కడిగినా వెంట్రుకల మొదళ్ళలో రాతిపొడి వదలని మా ఆయన తల.

మా పుట్టింటివాళ్ళది గుంటూరు వైపు, మిరపచేల మధ్య పల్లె. పెళ్ళయి చీమకుర్తి వచ్చేనాటికే ఆయన గ్రానైటు కోసే యూనిట్‌లో పనిలో ఉన్నారు. అక్కడ దొరికే రాయి నల్లన, కోస్తే లేచే దుమ్ము మాత్రం తెల్లన. సాయంత్రం కనుబొమలతో సహా పిండిమరలోంచి వచ్చిన మనిషిలా ఇంటికొస్తే, పిల్లలు బెదిరి నా చీర చాటున దాక్కునేవాళ్ళు, ఆయన కావాలనే చేతులు చాపి మీదికి వచ్చి ఇంకా బెదరగొట్టేవారు. మా తరం వాళ్ళకి తెలుసు, ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పేవాళ్ళూ తక్కువే, చెప్పినా కట్టుకునే మగవాళ్ళూ తక్కువే.

వాక్యం చెప్పాలని, నలుగురికీ దేవుని మాట బోధించాలని ఆయనకి చిన్ననాటి నుంచీ కోరిక. వాళ్ళ పేటకి ఒక దైవసేవకుడు సైకిలు మీద వచ్చి, వీధిలో బల్ల ఎక్కి మాట్లాడుతుంటే, పొద్దంతా పొగాకు పనిలో ఒళ్ళు హూనమైన జనం కదలకుండా విన్నారట. ఆ మనిషి గొంతు గురించి ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. అంతలో తండ్రి పోవడం, చెల్లెళ్ళ బాధ్యత, తర్వాత నేనూ పిల్లలూ. ఆయన కోరిక మా అందరి వెనకాల వరసలో నిలబడిపోయింది.

మా చిన్నమ్మాయి కూడా కాపురానికి వెళ్ళిన ఏడాది, ఒకరోజు అన్నం తింటూ చెయ్యి ఆపి, "నేను బైబిలు ట్రైనింగుకి వెళ్తానే" అన్నారు.

"ఎవరు, మీరా?"

"నేనే. గుంటూరులో. అయ్యగారితో మాట్లాడాను కూడా."

"యాభై దాటాక బడికెళ్తారా? నలుగురూ నవ్వరూ?"

"నవ్వుకోనీ. పిలిచిన దేవుడు నా వయసు అడగలేదు, మధ్యలో నువ్వెందుకడుగుతావు?"

అప్పటికి అంగన్‌వాడీ టీచరుగా నాకో ఉద్యోగం ఉంది, ఇద్దరికీ గంజి నీళ్ళకి లోటుండదనుకున్నాను. రెండు జతల బట్టలూ, దుప్పటీ సర్ది, పిల్లల్ని హాస్టలుకి పంపినట్టే బస్సెక్కించి వచ్చాను. అక్కడ ఆయన పక్కన చదువుకునేవాళ్ళంతా కొడుకుల వయసువాళ్ళు. బాబాయ్ అని పిలిచేవాళ్ళట, మర్చిపోయిన పాఠాలు కూర్చోబెట్టి వల్లె వేయించేవాళ్ళట. ఇంటికి వచ్చినప్పుడల్లా వంటింటి గడప మీద కూర్చుని ఆ పాఠాలన్నీ నాకు అప్పజెప్పేవారు. పప్పులో తాలింపు వేస్తూ ఊ కొట్టేదాన్ని. మా పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు.

దగ్గు మొదలైంది కూడా అప్పుడే. గుంటూరు గాలిలో మిరప ఘాటు పడలేదనుకున్నాం. అది తగ్గకపోతే క్షయ అన్నారు, ఆ మందులన్నీ మింగారు. చివరికి ఒక పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫిలిం వెలుతురుకి పట్టి చూసి, ఏం పని చేసేవారని అడిగి, చెప్పగానే తల పంకించాడు.

"ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుందమ్మా. దీన్ని బయటికి తీసే మందు లేదు. ముదరకుండా చూసుకోవడమే."

పని మానేసి చదువుకి వెళ్ళి ఏడాది దాటింది, అయినా ఆ దుమ్ము ఆయన్ని వదల్లేదు. చదువు మానేయమని నేనూ పిల్లలూ ఎంత చెప్పినా వినలేదు. అక్కడక్కడా ఆగి రొప్పుకుంటూనే మెట్లెక్కి, చదువు ముగించుకుని వచ్చారు.

సంఘపెద్దలు కూలీల కాలనీ దగ్గర రేకుల షెడ్డులో జరిగే ఆదివారం ప్రార్థన ఆయనకి అప్పగించారు. మొదటి ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని లేచి నిలబడ్డారు. నాలుగు మాటలు నిండుగా వచ్చాయి, నిజంగానే మంచి గొంతు. ఐదో మాటకి దగ్గు తెర కమ్మింది. బల్ల పట్టుకుని వంగిపోయారు. జనం తలలు దించుకుని కూర్చున్నారు, ఎవరికీ ఆయన వైపు చూసే ధైర్యం లేదు.

ఆ తర్వాతి వారం నన్ను పక్కన కుర్చీ వేసుకుని కూర్చోమన్నారు. ఆయన నా చెవి దగ్గర గుసగుసగా ఒక వాక్యం చెప్పడం, నేను దాన్ని పైకి అనడం. అంగన్‌వాడీ పిల్లల ముందు తప్ప ఎక్కడా నోరెత్తని దాన్ని, మొదట్లో నా గొంతు నాకే పరాయిగా వినబడేది. అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. ఒకరోజు సగంలో ఆగిపోయారు. నేను ఎదురు చూశాను, షెడ్డంతా ఎదురు చూసింది. చాలాసేపటికి, "ఇక నువ్వే చెప్పు" అన్నారు. ఏం చెప్పను? ఆయన మనసులో ఉన్న మాట నాకెలా తెలుస్తుంది? ముగింపు ప్రార్థన అనేసి కూర్చున్నాను.

ఆ పైన ఆయన వాక్యం చెప్పలేదు. ఒంట్లో కాస్త సత్తువ ఉన్నరోజు కాలనీలో తనలాగే మంచం పట్టిన పాత కూలీల దగ్గరికి వెళ్ళి కూర్చునేవారు. ఇద్దరికీ మాట్లాడే ఊపిరి లేదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కాసేపు ఉండి, లేచి వచ్చేసేవారు.

కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసిన రోజుల్లో ఆయన పోయారు. సమాధి దగ్గర అందరూ పాడుతుంటే నేను పిడికెడు మట్టి వేసి పక్కకి వచ్చేశాను. తర్వాత మా పాత అయ్యగారిని ఇంటికెళ్ళి నిలదీసి అడిగాను.

"పిలిచినవాడు ఊపిరెందుకు ఇవ్వలేదయ్యగారూ?"

"నాకూ తెలియదమ్మా" అన్నారు ఆ పెద్దాయన. ఆ రోజు ఇంకే మాట చెప్పినా నేను మళ్ళీ గుడికి వెళ్ళేదాన్ని కాదేమో.

షెడ్డులో ప్రార్థన నన్ను నడపమన్నారు సంఘపెద్దలు. ఒక ఆదివారం వెళ్ళి నిలబడ్డాను కూడా. పక్క నుంచి అందించే గుసగుస లేక నాకు ఒక్క మాటా రాలేదు. వచ్చి ఆడవాళ్ళలో కూర్చున్నాను, ఇప్పటికీ అక్కడే కూర్చుంటున్నాను.

ఇప్పుడు మా మందిరం ఎంతో పెద్దదైంది. కీబోర్డులు, డ్రమ్ములు, గోడంత స్క్రీను, ఊరవతల దాకా వినబడే సౌండు బాక్సులు. పిల్లలు చక్కగా పాడుతున్నారు, కాదనను. కాకపోతే ఆ రేకుల షెడ్డులో ఎవరైనా దగ్గితే అందరికీ వినబడేది. ఎవరి దగ్గు ఈ వారం ఎక్కువైందో, ఎవరి దగ్గు వినబడటం మానేసిందో తెలిసిపోయేది. ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు లేచి ఆ ఇంటికి వెళ్ళేవారు.