పరస్థానం సంచిలో ల్యాప్‌టాప్

ఒక గురువారం పొద్దున మా పక్కింటామె ఒక పెద్ద సంచి మోసుకొచ్చి, మా ముందు గదిలో నేను పత్రికలు పేర్చుకునే బీరువా పక్కన పెట్టింది.

"టీచరమ్మా, గిది మంగళారం దాక ఈడనే ఉంటది. తియ్యకు, జరపకు" అంది.

విషయం అర్థమై నాకు ఒళ్లు మండింది. ఆమె భర్త మళ్లీ గల్ఫ్‌కు పోతున్నాడు. విమానం మంగళవారం. మంగళవారం ప్రయాణం మంచిది కాదట. అందుకని ముందే ఒక మంచిరోజు చూసి, తీసుకుపోయే సామానులో కొంత ఇంకొకరి ఇంట్లో పెడతారు. మనిషి ఆ రోజే బయలుదేరినట్టు లెక్క. దీన్ని మావైపు పరస్థానం అంటారు. ఒకసారి గడప దాటిన సంచి ప్రయాణం కాకుండా మళ్లీ ఆ గడపలోకి రాకూడదు. ఈ ఆచారం మీద నేను మూడు వ్యాసాలు రాశాను. జగిత్యాలలో ఒక సభలో, గ్రహాలను ఇంత సులువుగా మోసం చేయగలిగినవాళ్లు వాటికి భయపడడం దేనికని అడిగాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

"కోరుట్లల ఇన్ని ఇండ్లుండంగ నా ఇల్లే దొరికిందా నీకు?"

"నీకు నమ్మకం లేదు గదా, అందుకే. వేరేటోళ్లయితే అండ్ల నిమ్మకాయో, ఎంటికలో పెడ్తరని నాకు భయం. నీతోని ఆ బాధ లేదు" అంది.

ముప్పై ఏళ్లు వేదికలెక్కిన నేను పత్రికలు పక్కకు జరిపి సంచికి చోటు చేశాను.

ఆమె బీడీలు చుడుతుంది. వాళ్లది కల్లు గీసే కుటుంబమే గాని, భర్త తరానికి వచ్చేసరికి ఆ ఇంట్లో తాటిచెట్టు ఎక్కడం తెలిసినవాళ్లు లేరు. అతను పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఉన్నాడు. మొదట గోదాములో మూటలు మోశాడు, అక్కడే కంప్యూటర్ నేర్చుకున్నాడు, చివరికి స్టోర్‌కీపర్ అయ్యాడు. కంపెనీ మూతపడితే ఎనిమిది నెలల కిందట తిరిగొచ్చాడు. సిరిసిల్లలో బావమరిది దగ్గర కొన్నాళ్లు సాంచాలు నడిపాడు. సాంచాలంటే మరమగ్గాలు. అక్కడ అవి ఆగి ఉండే రోజులే ఎక్కువ. ఇబ్రహీంపట్నం వైపు పసుపు తవ్వే కూలికి కూడా వెళ్లాడు. అతని మనసులో ఉన్నది వేరు. ఇంటి ముందు గదిలో ఒక ఆన్‌లైన్ సెంటర్ పెట్టి, పాస్‌పోర్టులకూ పింఛన్లకూ పరీక్షలకూ దరఖాస్తులు నింపాలని. అక్కడినుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ ఉంది. కానీ అది ఆన్ అయ్యేలోపు బస్టాండుకు పోయి చాయ్ తాగి రావచ్చు. రిపేరు షాపులో చూపిస్తే కొత్తది కొనుక్కొమ్మన్నారు. అంతటితో సెంటర్ మాట అటకెక్కింది. వీసా వచ్చింది. ఈసారి స్టోర్‌కీపర్‌గా కాదు, ఊడ్చే పనికి.

పోవద్దని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. అన్నా ఏం చూపించి ఆపుతుంది?

అదే వారం, నేను ఎదురుచూస్తున్నది ఒకటి విడుదలైంది. పాత కంప్యూటర్లను కూడా తేలికగా నడిపించే లినక్స్ అనే సిస్టం ఒకటి ఉంది. నా వ్యాసాలన్నీ పదేళ్లుగా దాని మీదే టైపు చేస్తున్నాను. దాన్ని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, విప్పి చూడవచ్చు, బాగుచేసి పదిమందికి పంచవచ్చు. చదువు కొందరిది, చెమట కొందరిది అని రాసిపెట్టిన దేశంలో పుట్టినదాన్ని. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు కూర్చుని తయారుచేసిన విద్యను తలుపులు బార్లా తెరిచి పెట్టడం నాకు అపురూపంగా ఉంటుంది. దాని కొత్త వెర్షన్ రాగానే పెన్‌డ్రైవ్‌లోకి దించుకున్నాను.

శుక్రవారం అతను ఇంటిముందు కనిపిస్తే ల్యాప్‌టాప్ తెమ్మన్నాను.

"అది మీ ఇంట్లనే ఉన్నది మేడం. సంచిల."

"అండ్ల ఎందుకు పెట్టినవ్ తమ్మీ?"

"ఉత్త బట్టలు పెడితే పరస్థానం కాదట. నాకు పానమసొంటి వస్తువు ఉండాలెనట. మా ఆమె తీసి పెట్టింది."

ఆమెను పిలిచాను. తునికాకు, తంబాకు ఉన్న చాట పట్టుకునే వచ్చింది. సంచి తెరుస్తానంటే మొహం మాడ్చుకుంది. హేతువాదం చెబితే లాభం లేదని తెలుసు. అందుకని జీవితంలో మొదటిసారి ఆచారం తరఫున వాదించాను.

"సంచి మీ గడప తొక్కద్దు, అంతే గదా? మా ఇంట్లనే తెరిస్తే మీ గడపకేం సంబంధం?"

ఆమె ఆలోచించింది. "గా మాట నిజమే" అంది. వెంటనే, "నువ్వు పంతులువైతే మస్తు నడుస్తుండె టీచరమ్మా" అని కూడా అంది.

పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేశాం. ఈ పద్ధతిలో లోపలున్న పాత సిస్టం చెక్కుచెదరదు. కొత్తది పెన్‌డ్రైవ్ మీదినుంచే నడిచి చూపిస్తుంది. నచ్చితే ఎక్కించుకోవచ్చు, లేకపోతే తీసేయవచ్చు. ఆమె పది బీడీలు చుట్టేలోపు తెర మీద నీలిరంగు పరుచుకుంది. కింద ఎడమ మూలలో మెనూ, అతనికి అలవాటైనట్టే. తెలుగు అక్షరాలు విరగకుండా వచ్చాయి.

"గింత జల్ది లేస్తదా గిది?" అన్నాడు. చెయ్యి మౌస్ మీదే ఉంది, కదపడం లేదు.

కుడి మూలలో గడియారం తొమ్మిది చూపిస్తోంది. మా గోడ మీద పదకొండున్నర. వచ్చి ఎనిమిది నెలలైనా అతను ల్యాప్‌టాప్‌లో సమయం మార్చలేదన్నమాట. నేను సరిచేయబోయాను.

"ఉండనీయున్రి మేడం" అన్నాడు. "ఆడ గిప్పుడు చాయ్ టైం. గోదాములకెల్లి అందరం బయటికచ్చి నీడకు కూసుందుము."

ఆమె చాట మీదినుంచి తల ఎత్తలేదు. "చాయ్ నేను పెడ్త తియ్యి" అంది.

శనివారం ఆమే నలుగురిని పిలుచుకొచ్చింది. ఒకరికి పాస్‌పోర్టు రెన్యువల్, ఇద్దరికి హాల్‌టికెట్. మేడిపల్లి నుంచి ఒక ముసలామె పింఛను కాగితాలు గుడ్డలో చుట్టుకొని వచ్చింది. అతను ఫోను తగిలించి ఇంటర్నెట్ పెట్టుకున్నాడు. గోదాములో ఎలా కూర్చునేవాడో ఏమో గాని, మా ఇంట్లో నిటారుగా కూర్చుని, "నీ పేరు ఆధార్‌ల ఎట్లున్నదో గట్లనే చెప్పవ్వా" అని అడుగుతుంటే నాకు ముచ్చటేసింది. ముసలామె వివరాలన్నీ ఒక ఫైలులో రాసుకున్నాడు. కరెంటు పోయింది. పాత బ్యాటరీ నిమిషం కూడా ఆగలేదు. కరెంటు వచ్చాక మళ్లీ ఆన్ చేస్తే ఫైలు లేదు.

"గిదేంది మేడం? గంట సేపు కొట్టిన గదా!"

తప్పు నాదే. పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్నంతసేపు రాసినదేదీ నిలవదని చెప్పడం మరిచిపోయాను. నిలవాలంటే ఇన్‌స్టాల్ చేయాలి. తెర మీద ఆ గుర్తు ముందునుంచీ ఉంది. అతను దాని జోలికి పోలేదు. అది నొక్కితే ఇక్కడే ఉండిపోతున్నట్టు, అందుకే పోలేదని నాకప్పుడు తట్టింది. తట్టినా ఊరుకోలేదు. వలస మీద, ఊడ్చే వీసాల మీద, సొంత ఊళ్లో గౌరవంగా బతకడం మీద సభలో మాట్లాడినట్టే మాట్లాడాను. అతను తలవంచుకొని విన్నాడు.

ఆమె చాట పక్కన పెట్టింది. "టీచరమ్మా, ఇగ ఆగు. నీకు గెలుసుడు అలవాటు. పోతే ఎండల నిలబడేది ఆయన. ఉంటే ఊరోళ్ల మాటలు పడేది ఆయన."

నేను తెర ముందునుంచి పక్కకు జరిగాను. మేడిపల్లి ముసలామె మాత్రం, "మల్ల రాయి బిడ్డా, నాకేం తొందర లేదు, బస్సు సాయంత్రానికే" అంది. అతను మొదటినుంచి మళ్లీ రాసి, ఈసారి ఫైలును ఫోనులోకి పంపి దాచుకున్నాడు.

ఆదివారం అతను నన్నేమీ అడగకుండా బండి మీద పోయి, దోస్తు దగ్గరినుంచి ప్రింటర్ తెచ్చాడు. అది ఈ సిస్టంతో పనిచేస్తుందో లేదో నాకూ నమ్మకం లేదు. మొదటి కాగితం తెల్లగా వచ్చింది. రెండోది కూడా. వైరు తీసి మళ్లీ పెట్టాడు. మూడోదాని మీద ముసలామె పేరు నల్లగా, సాఫుగా పడింది. ఆ కాగితాన్ని వెలుతురుకు పట్టుకొని చాలాసేపు చూశాడు. తర్వాత తన ఫొటోలన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లోకి మార్చుకొని ఇన్‌స్టాల్ నొక్కాడు.

అది రెండు మూడు ప్రశ్నలు అడుగుతుంది. భాష ఏదని, తర్వాత ప్రపంచపటం చూపించి, మీరు ఎక్కడున్నారని. బాణం గుర్తు ఎడారి దేశాల మీద కాసేపు ఆగింది. ఆమె, నేను చూస్తూనే ఉన్నాం. సముద్రం దాటి ఇటు వచ్చాక క్లిక్ చేశాడు. సిస్టం ఎక్కడం పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చుని, బయటికి పోయి వీసా ఇప్పించిన ఏజెంటుకు ఫోన్ చేశాడు. ఆమె చుట్టిన బీడీకి దారం కట్టకుండానే ఇంకో ఆకు తీసుకుంది.

సోమవారం ఉదయం కొత్త పంచాయితీ. "సంచిని ఇంట్లకు ఎట్ల తేవాలె? పైనం గాలేదు గదా" అంది ఆమె. ప్రయాణం కట్టిన సంచి ప్రయాణం చేయాల్సిందే. అందుకని మంగళవారం అతను ఆ సంచితో సిరిసిల్ల పోయి, బావమరిది ఇంట్లో ఒక రాత్రి ఉండి రావాలి.

"ఇదేం పిచ్చి? వలస పోయేటోడు ఆగిండు, ఇంక సంచికేం పోయేకాలం?" అన్నాను.

"ఆయన ఆగింది నీ మిషిన్‌తోని. మంచిగుండాలె అంటె నా తీరు కూడ ఉండాలె గదా" అంది.

అతను నవ్వుతూ, "పోనియున్రి మేడం. సాంచాలోళ్లయి దరఖాస్తులు మస్తున్నయి ఆడ. ల్యాప్‌టాప్ ఎట్లాగు సంచిలనే పాయె" అన్నాడు.

మంగళవారం ఎనిమిది గంటలకు ఆమె మా గడపలో నిలబడింది.

"టీచరమ్మా, జర ఎదురు రా."

ప్రయాణం బయలుదేరేవాళ్లకు ఎవరు ఎదురొస్తే మంచిదో ఈ ఊళ్లో ప్రతివాళ్లకూ తెలుసు. ఎవరు రాకూడదో అంతకన్నా బాగా తెలుసు. నా భర్త పోయి పదకొండేళ్లు. పెళ్లిళ్లకు పిలిచి వెనక వరుసలో కూర్చోబెట్టే స్నేహితులు నాకున్నారు. ఈ దురాచారం మీద నేను రాసిన వ్యాసాలకు లెక్కలేదు. వాటిలో ఒక్కటి కూడా ఆమె చదవలేదు.

"నేనా?" అన్నాను.

"మరెవలు? గాయినను ఆపింది నువ్వేనాయె."

నేను ఎదురు రావడాన్ని నమ్మను. మంచి ఎదురునూ నమ్మను, చెడ్డ ఎదురునూ నమ్మను. ఆ మాట పక్కన పెట్టాను. చెప్పులేసుకొని సందు చివరిదాకా నడిచి, ఇటు తిరిగి నిలబడ్డాను. అటునుంచి అతను సంచి భుజాన వేసుకొని వస్తున్నాడు. వెనకనుంచి ఆమె సందంతా వినపడేలా అరిచింది.

"జర నవ్వుకుంట రా టీచరమ్మా! కొట్లాటకు అచ్చినట్టు రాకు!"