షహ్హాత్ ముఖం

అలెగ్జాండ్రియాలో మా పైవాటా తఫీదాను పేరు పెట్టి పిలిస్తే పలికేది కాదు. ‘ఉమ్ షహ్హాత్’ అనాలి, అంటే షహ్హాత్ తల్లి అని. వాడు నడక రాకముందే జ్వరంతో పోయాడు. మళ్లీ ఆమె కడుపు పండలేదు. వాడికి ఒక్క ఫోటో కూడా లేదు.

ఆడవాళ్లు వీధిలో ముసుగు తీయడానికే జంకే రోజుల్లో ఆమె మూకీ సినిమాలో కథానాయికగా ముఖం చూపించింది. అన్నదమ్ములు చచ్చిందనుకుని వదిలేశారు. అందులో ఆమె చంకనున్నది సొంత బిడ్డే.

పాడైపోయిందనుకున్న ఆ సినిమాను బాగుచేశారని కబురు వచ్చింది మొదలు ఆమె నా ప్రాణం తోడేసింది.

“వాడి ముఖం మర్చిపోయానే బిడ్డా. కళ్లు మూసుకుంటే ఎవరెవరి పిల్లలో వస్తున్నారు.”

“రేపు చూద్దువుగాని, ముందు ఆ ఫూల్, ఆ బీన్స్ కూర, తిను. నువ్వు పడిపోతే మోసేది నేనే,” అన్నాను.

మర్నాడు సినిమా హాల్లో తెర మీద బొమ్మ అద్దంలా ఉంది. “అదుగో నేను. ఎంత పొగరో చూడు,” అని నవ్వింది. తర్వాత సముద్రపు ఒడ్డు వచ్చింది. ఆమె చంకలో ఆడపిల్ల గౌను తొడిగిన పిల్లాడు. కెమెరా దగ్గరవుతుండగానే తెర మీది తఫీదా నల్ల ముసుగు అంచు లాగి వాడి ముఖం కప్పేసింది. ఆ తర్వాత వాడు కనబడిన ప్రతిసారీ అంతే. చిన్న పాదం కనిపించింది, పిడికిలి కనిపించింది.

“తియ్యవే,” అంది పక్కనున్న తఫీదా, తెర మీది తనతో. “తియ్యవే, నీ చేతులు పడిపోను.”

దీపాలు వెలిగాక నా భుజం పట్టుకుంది. “దిష్టి తగులుతుందని షహ్హాత్ అని బిచ్చగాడి పేరు పెట్టా. గౌను తొడిగా. ఆ పెట్టెకు అంత పెద్ద కన్ను, భయపడ్డానే. డైరెక్టరు బతిమాలినా వినలేదు. ఒక్కసారైనా ముసుగు జారి ఉంటుందనుకున్నా.”

సినిమాను బాగుచేసిన కుర్రాడు పూలు పట్టుకుని వచ్చాడు. “ఒక్క గీత కూడా లేకుండా చేశామమ్మా.”

“ఆ ముసుగు కూడా తీయగలవా నాయనా?”

వాడు హాస్యమనుకుని నవ్వాడు. నాకు చెంప పగలగొట్టాలనిపించింది. వాడి తప్పేముంది, పాపం. నాకే ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చాక మెట్లెక్కుతుంటే, “ఉమ్ షహ్హాత్, చెయ్యి అందించు,” అన్నాను. పలకలేదు. మళ్లీ పిలిచినా ఆగలేదు. చివరికి “తఫీదా” అన్నాను. అప్పుడు ఆగి చెయ్యి చాచింది.