లింబాద్రి దసలి పురుగు

దీపం చుట్టూ రెక్కల పురుగు తిరిగితే ఇప్పటికీ నాకు లింబాద్రే గుర్తొస్తాడు. ఎనభై ఒకటిలో, దుబాయ్ పక్కనే ఉన్న రోలాలో మా ఎదురు గదిలో ఉండేవాడు. కలప గోదాములో పని. ఆ గదిలో ఎవరు అలిగినా నాకు తెలియకుండా పోయేది కాదు. అలాంటిది, శుక్రవారం నేను పంపిన చేపల పులుసు గిన్నె మూతైనా తీయకుండా తిరిగొస్తే ఊరుకోగలనా? వెళ్ళి తలుపు కొట్టాను.

“చెప్పులిడిసి రా, చిట్టెమ్మక్కా!” అన్నాడు లోపలి నుంచి.

కిటికీ తెర మీద రెండరచేతులంత పురుగు. ఇటుకరంగు రెక్కలు. ఒక్కో రెక్కలో అవతలి వెలుగు కనబడేంత పల్చటి మచ్చ, గాజుపెంకు అతికించినట్టు. రెక్క కొస చూస్తే అచ్చం పాము తల! బోర్నియో దీవి నుంచి దిగిన దుంగల్లో దొరికిందట.

“దసలి పురుగక్కా. గుడ్లు వెడితే కింద బాదం చెట్టు మీద పెంచుత. మా మద్దిచెట్టుకు సుట్టమే అది.”

వాళ్ళది మహదేవపూర్ వైపు. అడవిలో మద్దిచెట్ల మీద దసలి పట్టుపురుగుల్ని పెంచిన ఇల్లు. చెట్లు కొట్టేశాక దుబాయ్ దారి పట్టాడు. ఇక్కడా దుంగలే మోస్తున్నాడు. పురుగులున్నన్నాళ్ళూ వాళ్ళు నీసు ముట్టరు, స్నానం చేయందే దగ్గరికి పోరు. ఆ నిష్ఠంతా ఈ ఇరుకు గదిలో పట్టాడన్నమాట.

“అరె భాయ్, సన్యాసం తీస్కున్నవా? యల్లా, కబాబ్ తిను!” అని ఏడిపించేవాడు, అదే గదిలో ఉండే ఖాజా.

“నువ్వే తిను. ఆ చేత్తోని తెర ముట్టకు.”

నేను రోజూ వెళ్ళేదాన్ని, పురుగుకంటే అతని ముఖం చూడ్డానికే. నోరు విప్పని మనిషి, పురుగుల్ని తినడానికొచ్చే కాకుల్ని తాత ఎలా అదిలించేవాడో కేకపెట్టి మరీ చూపించాడు. పక్కింటివాళ్ళు గోడ బాదారు.

ఒకరోజు పొద్దున్నే పురుగు నేల మీద రెక్కలు పరిచి పడి ఉంది. తెర మీద ఒక్క గుడ్డు లేదు.

నా నోరు ఊరుకోదు కదా. “ఏమయ్యా, దసలి రెక్క మీద మచ్చ చందమామలా గుండ్రంగా ఉంటుందన్నావు. దీనికి మూడు మూలలున్నాయేంటి?”

రెక్కను కిటికీ వెలుగుకి పట్టి చూశాడు. “ఎరుకే అక్కా. మొదటి దినమే సూసిన, మా పురుగు గాదని.”

“మరి ఈ ఉపవాసాలెందుకయ్యా?”

“ఏ పురుగైతేంది, గుడ్లు వెడితే పెంచెటోన్ని నేనే గద. నిష్ఠ పట్టినంక మా ఇంట్ల ఉన్నట్టే ఉండె.”

“సాయంత్రం చేపలు వండుతాను, తిందువుగాని,” అన్నాను.

“రేపు తింట తియ్యక్కా. ఇయ్యాల్టికి గిట్లనే ఉండనియ్.”