యేసురత్నం మాస్టారి మీద పడిన మాట

నిరుడు ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా హాలండ్ వెళ్లినప్పుడు, తులిప్ తోటల మధ్య రెండు రోజులు సైకిళ్ల మీద తిరిగాం. మొదటి రోజు కనుచూపు మేర ఎరుపు, పసుపు, ఊదా చారలే. రెండో రోజు ఉదయం ఒక మలుపు తిరగ్గానే నలిగిన పచ్చి కాడల వాసన గుప్పుమంది. చేలో ఒక యంత్రం పూల తలలన్నీ కోసుకుంటూ పోతోంది. "అయ్యో, పూసిన పూలన్నీ అలా పారేస్తున్నారేమిటండీ?" అంది మా ఆవిడ. పువ్వు తీసేస్తే కింద దుంప బలుస్తుందని చెప్పాను. పొగాకు చేలోనూ అంతే, పువ్వు తుంచితే ఆకు బలుస్తుంది. ఆ సంగతి నాకు నేర్పింది యేసురత్నం మాస్టారు.

రెండువేల రెండులో నేను నల్లపాడు దగ్గర ఒక ప్రైవేటు బడిలో కొత్తగా చేరిన లెక్కల మాస్టర్ని. ఆయన సోషల్ చెప్పేవారు, నాకన్నా పాతికేళ్లు పెద్ద. సెలవొస్తే ఆయన బస్సెక్కేవారు కాదు. ఆ జనవరిలో జెండా వందనం అవగానే పర్చూరు వైపున్న వాళ్ల ఊరికి నన్నూ సైకిల్ మీద బయల్దేరదీశారు. ప్రత్తి చేలల్లో ఆఖరి తీతలు నడుస్తున్నాయి. కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. ఆ తర్వాత మైలు పొడవునా పొద్దుతిరుగుడు పూలు. నేను రొప్పుతూ ఇంకెంత దూరమని అడిగితే, "ఏమయ్యా లెక్కలూ, కిలోమీటర్లు నేను చూసుకుంటాలే. ఎన్ని రంగులు దాటొచ్చామో నువ్వు చెప్పు" అనేవారు.

ఊరి పొలిమేరలో కోటయ్యగారి నాటు పొగాకు చేను పూతకొచ్చి ఉంది. మాస్టారి తల్లి సువార్తమ్మగారు ముప్పై ఏళ్లు కూలికి తలలు తుంచింది ఆ చేలోనే. మాస్టారు గట్టు దిగి, లేత గులాబీ రంగు పూగుత్తిని ఎలా విరవాలో రెండు మొక్కల మీద చూపించారు. నాకు సరదా పుట్టింది. ఆయన కాలవ దగ్గర చేతుల జిగురు కడుక్కుంటుంటే నేను గట్టు వెంట మొక్క తర్వాత మొక్క తుంచుకుంటూ పోయాను. చివర ఐదు మొక్కలు ఏపుగా ఉన్నాయి. వాటికి గుడ్డపీలికలు కట్టి ఉన్నాయి. బాగా ఎదిగిన చేను కదా, దిష్టికి కట్టారనుకున్నాను. వాటినీ తుంచేశాను. అవి మరుసటి ఏటి విత్తనానికి పూత ఉంచి వదిలిన మొక్కలు.

మర్నాడు ఆదివారం, చర్చి విడిచేవేళకి కోటయ్యగారు ఆ గుమ్మం ముందే నిలబడి ఉన్నారు.

"ఒరేయ్ రత్నం! నిన్న నా చేలో దిగింది నువ్వేనంటగా? మీ అమ్మ అన్నేళ్లు చేసింది, ఒక్కనాడు విత్తనం మొక్క మీద చెయ్యెయ్యలా. నీకు పీలిక కనబళ్లేదంట్రా? పంతులుద్యోగమొస్తే కళ్లు పోతయ్యా?"

"నాదే పొరపాటండీ" అన్నారు మాస్టారు.

సువార్తమ్మగారు బైబిలు చంకన పెట్టుకుని కొడుకు ముఖంలోకి చూసింది. "నువ్వేనా అయ్యా? నా కొడుకువై ఉండి?"

"నేనేనమ్మా."

నేను పక్కనే నిలబడి ఉన్నాను.

తిరుగు దారిలో ఎందుకలా అన్నారని అడిగాను. "తుంచడం నేర్పి, ఎక్కడ ఆగాలో చెప్పలేదు. సగం పాఠం చెప్పినవాడిదే తప్పు" అని ముందుకు తొక్కేశారు. ఆయన తప్పు మీదేసుకోవడాన్ని నేను నాకు అనుకూలంగా వాడుకున్నాను. స్టాఫ్‌రూమ్‌లో ఎవరో అడిగితే, విత్తనం మొక్కలు తుంచిన సోషల్ మాస్టారి కథ నవ్విస్తూ చెప్పాను. ఏడాది తిరక్కుండా "పీలిక మాస్టారు" అన్న పేరు స్థిరపడింది. ఆయన పదవీ విరమణ సభలో మైకు ముందు కూడా అదే చెప్పాను. హాలంతా పగలబడి నవ్వింది. మాస్టారూ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న సువార్తమ్మగారు మాత్రం తల దించుకుని తన అరచేతులు చూసుకుంది. అది చూసి కూడా నేను ఇంకో రెండు వాక్యాలు కలిపాను.

తల్లి ముందు పోయింది, తర్వాత మాస్టారు. హాలండ్ నుంచి వచ్చిన వారానికి వాళ్ల ఊరు వెళ్లాను. మాస్టారి చెల్లెలు కరుణమ్మ కుర్చీ వేసి, టీ ఇచ్చి, నేను చెప్పిందంతా విన్నది.

"మా అన్న ఆ పని చేసుండడని నాకెప్పుడూ అనుమానమే సార్. అమ్మే నమ్మింది. పోయేదాకా ఆ గట్టెంట నడవలా, చుట్టూ తిరిగెళ్లేది." ఖాళీ గ్లాసు అందుకుంటూ, "నాకు చెప్తే ఏం లాభం సార్? అమ్మకి చెప్పాల్సింది" అన్నది.

ఆ కథ నా నోట విని నవ్వినవాళ్లు మాత్రం ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్ల కోసం రాస్తున్నాను. ఆ ఐదు మొక్కలూ తుంచింది నేను. సువార్తమ్మగారి కొడుకు కాదు.