కదపవద్దన్న గ్లాసు

తొంభైల చివర, ఒక ఫిబ్రవరి ఉదయం ఏడున్నరకు సికింద్రాబాద్‌లో కరీంనగర్ బస్సెక్కాను. షామీర్‌పేట దగ్గరి ఒక ఊరి బడిలో సరళ టీచర్ సైన్సును పిల్లల చేతనే చేయించి నేర్పుతున్నారని విన్నాను. మా పత్రిక ఆదివారం పేజీకి రాద్దామని బయల్దేరాను.

ఎనిమిదిన్నరకు షామీర్‌పేటలో దిగి, పూరీ తిని, మేడ్చల్ వైపు వెళ్లే ఆటోలో కూర్చున్నాను. సీట్లన్నీ నిండితే గాని అది కదలదు. వెళ్లేవారు అరగంట చేతిలో ఉంచుకోవాలి. పక్కన ఖాళీ పాలక్యానుతో ఒక ముసలాయన. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"గా బడికా సార్? మా మనుమరాలు సుజాత గాడ్నే సదువుతది. పొద్దుగాల పాలు గావాలని మస్తు లొల్లి జేసింది. క్యాన్ల పోసెటియి ఆపి జెరన్ని ఇచ్చిన."

తొమ్మిదిన్నరకు ఏడో తరగతి గదిలో ఉన్నాను. సుజాత గోరువెచ్చని పాలు రెండు స్టీలు గ్లాసుల్లో సమంగా పోసి, చెంచాతో కొలిచి తోడు వేసి, మూతలు పెట్టి ఒక మూలన ఉంచింది.

"కదిలిస్తే పెరుగు తోడుకోదని మా అవ్వ అంటది సార్. నిజమో కాదో సూడాలె. గీ గిలాస అరగంటకోపారి ఊపుత. గా గిలాస మాత్రం ఎవ్వలు ముట్టొద్దు."

రెండింటికీ తేడా ఆ ఊపడం ఒక్కటే ఉండాలన్నారు టీచర్. ఫలితం తేలితే మర్నాడు మేడ్చల్‌లో పిల్లల ప్రదర్శనకు సుజాత వెళ్తుంది.

ఒంటిగంటకు పిల్లలు అన్నాలకు వెళ్లారు. గదిలో నేనూ, నా కెమెరా. మూల చీకటిగా ఉంది. ముట్టొద్దన్న గ్లాసును తీసి కిటికీలో పెట్టి, మూత తీసి, లోపలిది కనబడేలా వంచి రెండు ఫోటోలు తీసి, మళ్లీ అక్కడే ఉంచాను. ఫోటో కోసం ఇన్నేళ్లుగా ఎన్నో వస్తువుల్ని ఇలాగే వెలుగులోకి జరిపాను. తప్పన్న ఆలోచనే రాలేదు.

మూడింటికి మూతలు తీశారు. ఊపిన గ్లాసులో పెరుగు పలుకులు పలుకులుగా ఉంది. ఊపనిది కూడా విరిగి, పైన నీళ్లు తేలాయి.

"ఎవలు ముట్టిన్రే?" సుజాత గ్లాసు పట్టుకుని అందరి వైపు తిరిగింది.

"లక్ష్మే! తిని అందరికన్న ముందుగాల అదే వచ్చింది," అంది వెనక బెంచీ.

"నేను ముట్టలే. ఒట్టు!"

"మరి మూతి తెల్లగెందుకున్నదే పిల్లీ?"

అందరూ నవ్వారు. లక్ష్మి గబుక్కున, ఏమీ అంటని మూతి తుడుచుకుని ఏడ్చేసింది. నేను తలవంచుకుని ఏదో రాస్తున్నట్టు నటించాను. సుజాత పుస్తకం తెరిచి 'లక్ష్మి ముట్టింది' అని రాయబోయింది.

"నువ్వు సూసినవా?" అడిగారు టీచర్.

"లే టీచర్."

"సూడనిది ఎట్ల రాస్తవ్?"

అప్పుడు తలెత్తాను. "నేనే తీశాను. ఫోటో కోసం."

సుజాత నా వైపు తిరిగింది. పెన్సిల్ సరిగ్గా పట్టుకుంది. "ఎన్నింటికి సార్? ఎంతసేపు? వంచిన్రా, ఉత్తగ ఎత్తిన్రా?" చెప్పినదంతా రాసుకుంది.

"మళ్లీ చేయవచ్చు కదమ్మా," అన్నాను.

"పాలు యాడియి సార్? ఇయ్యాల్టియి అన్ని అమ్ముడువోయినయ్."

లేచి వెళ్లి లక్ష్మి పక్కన కూర్చుంది. "ఊకోవే. నువ్వు గాదు, సార్ ముట్టిండు." తర్వాత టీచర్‌తో, "రెండు గిలాసలు కదిలినయ్. ఇగ ఏం జెప్పొస్తది టీచర్?" అని, పేజీ చివర రాసింది: 'ఏమీ తేలలేదు.' మేడ్చల్‌కు వేరే పిల్లల అయస్కాంతాల ప్రయోగం పంపుదామన్నారు టీచర్.

నాలుగున్నరకు మేడ్చల్ చేరి సికింద్రాబాద్ బస్సెక్కాను. కొంపల్లి దాకా నిలబడే వచ్చాను. ఆ బడి తప్పక చూడదగ్గది. వెళ్లేవారు చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. పాడైన పాల కంటే, లక్ష్మి మూతి తుడుచుకుంటున్నప్పుడు నేను తలెత్తకపోవడమే దారంతా నన్ను కాల్చింది. పన్నెండేళ్ల పిల్ల తన కష్టమంతా పోయిన చోట, ఉన్నదున్నట్టు ఆ రెండు మాటలు రాసుకుంది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క వార్త చివరా నేనలా రాయలేదు. తేలనివి లేక కాదు.