ఆరు చెట్ల పాకం

ఈత చెట్టు గీసే ఇంట్లో పుట్టిన నేను ఖర్జూరం చెట్లను చంపాను. ఒకటి కాదు, ఆరు. చెప్పాల్సిన రోజున నోరు విప్పలేదు. అందుకే ఇప్పుడు ఎవరూ అడగకపోయినా చెబుతున్నాను.

ఎనభైల చివర్లో ఒమాన్ వెళ్ళాను. బిల్డింగుల సైట్‌లో పని అని చెప్పి విమానం ఎక్కించిన ఏజెంటు, తీరా షినాస్‌లో సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న ఖర్జూరం తోటకు పంపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాయిన జన్మంతా మోకు కట్టుకుని చెట్లెక్కాడు. నేను ఎక్కకూడదనే కదా సముద్రం దాటింది. ఎంత దూరం ఉరికినా తలరాత మనకంటే ముందే పోయి కూర్చుంటుందని మా అమ్మ ఊరికే అనలేదు.

తోట ఒక ముసలాయనది. నేను ఆయన్ని బాబా అనేవాణ్ణి. ఆయన, ఆయన భార్య, పంపు నడిపే కడప భాయ్, నేను. నలభై చిల్లర చెట్లు. కొడుకులిద్దరికీ మస్కట్‌లో ఉద్యోగాలు. ఆ ఇంటి వాళ్ళకు ఖర్జూరం కన్నా దాని పాకమే ముఖ్యం. దాన్ని దిబ్స్ అంటారు. పాకం తీయడానికి ఇంటి వెనక కిటికీలు లేని మట్టి గది ఉండేది. గచ్చు మీద పొడుగునా కాలువలు. ఖర్జూరాలు కుక్కిన ఆకు బుట్టలను వాటి మీద కప్పు దాకా పేర్చి తలుపు మూసేవాళ్ళం. పై బరువుకు, ఎండాకాలపు ఉడుకుకు పండ్లు వాటంతటవే కారి, నల్లటి పాకం కాలువల వెంట మూలన పాతిన జాడీలోకి దిగేది. పొయ్యి లేదు, కలియబెట్టే పని లేదు. మొదటి ఏడాది ఆ జాడీ నిండి పొర్లితే నేను వేలితో నాకి, పోనీలే, ఇదీ ఒక బతుకే అనుకున్నాను.

తర్వాత నీళ్ళు చెడ్డాయి. చుట్టూ తోటలన్నీ పెద్ద పంపులు పెట్టి పోటీపడి తోడాయి. మేమూ తక్కువ తినలేదు. కిందికి పోయినకొద్దీ సముద్రం బావిలోకి వచ్చింది. వచ్చిన కొత్తలో ఏ నీళ్ళతో చాయ్ కాచుకున్నామో, అవే నీళ్ళు నాలుగైదేళ్ళకు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సి వచ్చేది. పాదుల్లో తెల్లగా ఉప్పు పేరుకుంది. కాయ చిన్నదైంది, ఎండిపోయింది. జాడీ సగమైంది, పావు అయింది. ఒక ఏడాది అడుగు మాత్రమే తడిసింది.

ఆ ఏడు కొడుకులు వచ్చి తేల్చి చెప్పారు. వచ్చే ఎండాకాలానికి ఇంటికి సరిపడా పాకం రాకపోతే పంపు పీకించి తోట మూసేస్తారు, అమ్మానాన్నలను మస్కట్ తీసుకుపోతారు. మర్నాడు నేను పాదులు తవ్వుతుంటే ముసలాయన వచ్చి పక్కన కూర్చుని, ఇక్కడే చస్తాను, ఆ మేడలో చావను అన్నాడు. కూలివాడి ముందు యజమాని ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. నాకు చాలా బాధేసింది.

అప్పుడు పుట్టింది ఆ దిక్కుమాలిన ఆలోచన. పండు రాకపోతే ఏం, చెట్టులో నీరు ఉంది కదా! మా ఊళ్ళో చలికాలంలో ఈత చెట్టు మెడ దగ్గర ఒక పక్క కత్తితో గీసి మట్టి లొట్టి కడతాం. లొట్టి లోపల సున్నం రాస్తే నీరు పులవదు, కల్లు కాదు. దాన్ని కాచితే పాకం, ఇంకా కాచితే బెల్లం. ముసలాయనకు ఇదంతా వచ్చీరాని హిందీలో చెప్పాను. ముందు ఆయన భయం కల్లు గురించే. సున్నం సంగతి విడమర్చాక ఆ భయం పోయింది. నా ముఖంలోకి చూసి అడిగాడు.

"తుమ్ కో మాలూమ్ హై యే కామ్?"

ఈ పని నీకు తెలుసా అని. మా తాతల నుంచీ ఇదే పని అని ఛాతీ విరుచుకుని చెప్పాను. ఆ ఒక్క మాట నమ్మి ఆయన ఒప్పుకున్నాడు.

కడప భాయ్ మాత్రం నా చేతిలో కత్తి చూసి పంపు ఆపి మరీ వచ్చాడు.

"ఒద్దు నాయనా. మనూరి ఈతచెట్లు యేరే, ఇయ్యి యేరే. ఉప్పు నీళ్ళు తాగి సగం సచ్చినాయి. రోగం మీదుండే మనిషి కాడ రక్తం తీస్తాడా ఎవుడన్నా?"

"నీది పంపు, నాది చెట్టు. ఎవని పని ఆడు చేసుకుందాం భాయ్" అన్నాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కానీ, ఆ రోజు చెప్పినవాడే లోకువయ్యాడు.

బక్క చెట్లను గీస్తే చుక్క రాదు. అందుకని తోటలో బలంగా ఉన్న ఆరింటిని ఏరుకున్నాను. ఎండాకాలం నాలుగు కాయలు కాసేవేవైనా ఉంటే అవే. వాటి మెడలు చెక్కి, గీసి, లొట్టిలకు బదులు డబ్బాలు కట్టాను. తెల్లారి దింపితే ఘుమఘుమలాడే నీరు. ముసలమ్మ పెద్ద ఇనప బాండీలో కాచింది. సాయంత్రానికి ఎర్రటి పాకం. వేలు ముంచి నోట్లో పెట్టుకుని, కొత్త కోడలిలా నవ్వింది. నాకు గర్వం తలకెక్కింది.

చెట్టు గీతకు ఒక నియమం ఉంది. మూడు రోజులు గీస్తే మూడు రోజులు వదలాలి. కత్తి పట్టించిన మొదటి రోజే నాయిన చెప్పాడు, మధ్యల ఇడవాలె, చెట్టు కూడా తిని పండాలెరా అని. నాకు తెలియక కాదు. కానీ జాడీ పెద్దది, చలికాలం చిన్నది. రేపటి నుంచి వదులుదాం అనుకుంటూ రోజూ గీశాను. నీరు తగ్గితే ఇంకొంచెం లోతుకు గీశాను. చలి పోయేనాటికి జాడీ అంచు దాకా నిండింది. ముసలాయన దాని మూత తీసి చూడటం, మళ్ళీ పెట్టడం, అదే పనిగా పెట్టుకున్నాడు.

పూత కాలం వచ్చింది. మిగతా చెట్లకు గెలలు విచ్చుకున్నాయి, ఆ ఆరింటికి లేదు. కొన్నాళ్ళకు ఒకదాని తల మీది లేత మొవ్వు వాలింది. మొవ్వు పోతే ఆ జాతి చెట్టుకు ఇంకేమీ మిగలదని మా ఇంట్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నిచ్చెన వేసి ఎక్కి మొవ్వు పట్టుకుంటే చేతిలోకి ఊడి వచ్చింది. లోపల పురుగు, కుళ్ళు వాసన. నేను గీసిన గాటు నుంచే లోపలికి పోయింది. నెలలోపే ఆరూ అయిపోయాయి. నేను చెట్టు మీదే ఏడ్చాను. భాయ్ కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాడు. తిట్టినా బాగుండేది.

ఎండాకాలం కొడుకులు వచ్చారు. జాడీ నిండుగానే ఉంది, కానీ వాళ్ళు జాడీ దాకా పోనే లేదు. ఆరు మోళ్ళను చూసి తండ్రి వైపు తిరిగారు. నేను పక్కనే ఉన్నాను. ముసలాయన రోజూ ఆ గాట్లను చేత్తో తడిమి చూసినవాడు, అంతా తెలిసినవాడు. నా వైపు చూడకుండా, నీళ్ళు ఉప్పయ్యాయి, చెట్లు పోయాయి అన్నాడు. కొడుకులు తలూపారు. నేనూ తలూపాను. అవును, నేనూ ఊపాను.

పంపు పీకేశారు. ముసలివాళ్ళను కారు ఎక్కించారు. భాయ్ సూర్ పట్నంలో ఎవరిదో దుకాణంలో చేరాడు, నాకు ఇంటికి టికెట్ ఇచ్చారు. బయలుదేరేటప్పుడు ముసలమ్మ ఆ జాడీలోంచి ఒక డబ్బాకు పాకం పోసి నా చేతిలో పెట్టింది.

ఇంటికి చేరిన రోజు అమ్మ ఆ డబ్బా తెరిచి, అరబ్బు దేశపు ఖర్జూరం పాకమని అందరికీ తలా ఒక చెంచా పెట్టింది. నాయిన వేలికి రాసుకుని నాకాడు. మళ్ళీ ఒకసారి నాకాడు. అందరూ లేచి పోయాక నెమ్మదిగా అడిగాడు.

"ఇది పండుది కాదు. గీసినవా?"

"గీసిన."

"ఎన్ని?"

"ఆరు."

నాయిన డబ్బాకు మూత పెట్టాడు.

"మధ్యల ఇడిసినవా?"